మెడ చెప్పిన మాట

ఝాన్సీ మెడ మీద మొదటి పులిపిరి దీపిక పుట్టిన ఏడాది వచ్చింది. ఆవగింజంత ఉండేది. కుడి పక్కన, పుస్తెలతాడు ఒరుసుకునే చోట చిన్న కాడతో వేలాడేది. నొప్పి లేదు, దురద లేదు. పాలు తాగుతూ పసిపిల్ల దాన్ని వేళ్లతో పట్టుకుని లాగేది. తాడు రాపిడికి లేచిన తోలు అనుకుని ఝాన్సీ దాని సంగతే మరిచిపోయింది. దీపిక బడికి వెళ్లే నాటికి అలాంటివి మెడ చుట్టూ, చంకల్లో, ఒక కంటిరెప్ప మీద కూడా పుట్టుకొచ్చాయి. మెడ వెనక చర్మం నల్లబడి, మందమై, ఎంత తోమినా వదలని మట్టిలా కనిపించేది.

ఆమె నరసన్నపేటలో స్టీలు సామాన్ల కొట్టు నడిపే నరసింగరావు గారి పెద్ద కోడలు. కోడలు కావడానికి ముందు ఆ ఇంటికి మేనకోడలు. అత్తగారు సుభద్రమ్మ, ఝాన్సీ తండ్రి అప్పలసూరికి స్వయానా అక్క. పుట్టిల్లు టెక్కలిలో గౌన్లేసుకుని తిరిగే రోజుల నుంచీ అత్త పెద్దకొడుకు తిరుమలరావుని బావా అని పిలిచిన పిల్లకి, పెళ్లయ్యాక కూడా ఆ పిలుపు మార్చుకోవలసిన అవసరం లేకపోయింది. పరాయింటికి పోలేదు కదా, అత్త కడుపులో పెట్టుకు చూస్తుందని పుట్టింటివాళ్లు నిశ్చింతగా ఉన్నారు.

కొట్టుకి ఝాన్సీ నిజంగానే కలిసొచ్చింది. పెళ్లిళ్ల రోజుల్లో సారె సామాన్ల కోసం పల్లెల నుంచి ఆటోల్లో వచ్చే ఆడవాళ్లకి ఆమె ఉంటేనే బేరం కుదిరేది. ఏ ఊరివాళ్లు ఏ సైజు గంగాళం పెడతారో, ఎవరింట్లో అల్లుడికి అలక ఎక్కువో ఆమెకి తెలుసు. నవ్విస్తూనే ఇంకో రెండు బిందెలు అంటగట్టేది. నరసింగరావు పైకి మెచ్చుకునే మనిషి కాదు గానీ, భోజనం చేసి ఆమె కొట్టుకి రావడం ఆలస్యమైతే ఇంటికి ఫోను చేయించేవాడు.

ఆ ఆడవాళ్ల చూపే ముందుగా ఆమె మెడ మీద పడింది. బేరం మధ్యలో ఒకావిడ, ఇవేటమ్మా మిరియాలు సల్లినట్టున్నాయి అంది. ఇంకొకావిడ తన పిల్లని ఝాన్సీ ఒళ్లోంచి లాక్కుంది, అంటుకుంటాయని. ఆ రోజు నుంచి ఝాన్సీ జాకెట్లు మెడ దాకా కుట్టించుకోవడం, ఎండాకాలంలో కూడా పైట భుజాల చుట్టూ తిప్పుకోవడం మొదలుపెట్టింది.

సుభద్రమ్మకి ఇంటివైద్యం మీద గురి. గుర్రపు వెంట్రుక తెప్పించి ఒకదాని కాడకి బిగించి కట్టింది. అది నల్లబడి ఊడిపోయింది. ఆ ఒక్కటీ ఊడినందుకు ఆమె వీధి వీధంతా చెప్పుకుంది. ఆ ఊపులో మిగతావాటికి సున్నం, చాకలిసోడా కలిపి పెట్టింది. మెడ కాలి బొబ్బలెక్కింది. ఝాన్సీ పది రోజులు కొట్టుకి వెళ్లలేకపోయింది. పుండ్లు మానడానికి చాలా కాలం పట్టింది. అంత చిన్న పుండు అన్నాళ్లెందుకు మానలేదని ఎవరూ అనుకోలేదు. నీది వేడి ఒళ్లే అంది సుభద్రమ్మ.

తమ వంశంలో ఈ పులిపిర్లు కొత్త కాదని కూడా ఆవిడే చెప్పేది. మా నాయనకి ఉండేవి, మీ నాయనకి ఉన్నాయి, తిండి పుష్టి ఉన్నోళ్లకే వస్తాయి, కూటికి లేనోడికి వస్తాయేటి అనేది. ఆ నాయన, అంటే ఝాన్సీ తాతయ్య, కాలు పుచ్చి చనిపోయాడు. తుమ్మముల్లు దిగి విషమెక్కిందని ఇంట్లో చెప్పుకునేవారు. ముల్లు ఎవరూ చూడలేదు.

నాలుగేళ్ల కిందట తిరుమలరావు తమ్ముడు దేవేంద్రకి పెళ్లి కుదిరింది. పెళ్లికూతురు వైపువాళ్లు విజయనగరంలో పేరున్నవాళ్లు. ఫొటోలు, వీడియోలు, పెద్ద హాలు. పెద్ద కోడలు ముందు వరసలో నిలబడాలి. ఈ మెడతో ఎలా నిలబడుతుందని ఇంట్లో చర్చ జరిగింది. ఝాన్సీ అక్కడే కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఆమెతో కాదు, ఆమె మెడ గురించి మాట్లాడుకున్నారు. చివరికి తిరుమలరావు శ్రీకాకుళంలో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. అద్దం పెట్టి చూసింది. వీటినీ మనవాళ్లు పులిపిర్లే అంటారు గానీ అసలు పులిపిర్లు వేరని, అవి అంటుకుంటాయని, ఇవి అంటుకోవని చెప్పింది. చర్మం మడతల్లో రాపిడికి, ఒళ్లు పెరిగినప్పుడు, కానుపుల సమయంలో వస్తాయట. వాటంతట అవి ఏ కీడూ చెయ్యవట, క్యాన్సరూ కాదట. ఉంచుకున్నా పరవాలేదట. అందం కోసం తీయించుకోవాలంటే, కాడ సన్నగా ఉన్నవాటిని మత్తుమందు పెట్టి కత్తెరతో కత్తిరిస్తారు, కొన్నింటిని కరెంటు సూదితో కాలుస్తారు, ఇంకొన్నింటిని మంచుకన్నా చల్లటి మందుతో గడ్డకట్టించి రాలగొడతారు. కంటిరెప్ప మీదదాన్ని మాత్రం కంటి డాక్టరుకి చూపించమంది. దారాలు, సున్నాలు ఇంక పెట్టొద్దని సున్నం మచ్చలు చూసి గట్టిగా చెప్పింది.

తరువాత ఝాన్సీ తల వంచి, జడ పక్కకి తీసి, నల్లబడిన చర్మాన్ని వేలితో నిమిరింది.

"ఈ నలుపు మట్టి కాదమ్మా. ఇలా మెడ నల్లబడి, దానితో పాటు ఇన్ని కాయలు ఉన్నాయంటే ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పని చెయ్యడం లేదేమో చూసుకోవాలి. షుగరు ఉందని నేననడం లేదు. ఉండవచ్చు, లేకపోవచ్చు. పరగడుపున ఒకసారి, మూడు నెలల సరాసరి ఒకసారి రక్తపరీక్ష చేయించండి. అది అన్నిటికన్నా ముఖ్యం. కాయలు తీయడం తరువాతైనా పరవాలేదు."

ఆ మాట ఆమె తిరుమలరావు వైపు చూస్తూ చెప్పింది. అతను తల ఊపాడు. పరీక్షలు తరువాత చేయిస్తాం, పెళ్లి దగ్గరికొచ్చేసింది, కాయలు మాత్రం ఇవాళే తీసెయ్యండి అన్నాడు. డాక్టరమ్మ గుమ్మం వైపు చూసింది. బయట అంతమంది కూర్చుని ఉన్నారు. తీసేసింది. కరెంటు సూది తగిలినప్పుడల్లా కోడి ఈకలు కాల్చిన వాసన వచ్చింది. ఝాన్సీ కళ్లు మూసుకుంది.

తిరిగొస్తూ బండి మీద ఝాన్సీ పరీక్షల ఊసెత్తింది. పులిపిర్లకి రక్తమెందుకు, అదంతా లాబులోళ్లతోటి కమీషన్ల యాపారం అన్నాడు తిరుమలరావు. మన ఇళ్లల్లో ఎవలికుంది సుగరు అన్నాడు. కొంచెం దూరం వెళ్లాక, నీకేటీ నేదులే అని మళ్లీ తనే అన్నాడు. ఆ రెండో మాటకి ఝాన్సీకి ధైర్యం వచ్చింది. బావ భరోసా ఇచ్చాడనుకుంది.

పెళ్లిలో ఆమె మెడ బాగుంది. చాలా ఏళ్ల తరువాత లోతు మెడ జాకెట్టు వేసుకుని, కంటె పెట్టుకుంది. కొత్త కోడలు రేఖ కూడా అక్క నగ బాగుందని మెచ్చుకుంది. డాక్టరుకి మంచి చెయ్యి ఉందని సుభద్రమ్మ నలుగురికీ చెప్పింది. పరీక్షల మాట పెళ్లిసందడిలో కొట్టుకుపోయింది.

ఆ తరువాత తిరుమలరావులో మార్పు వచ్చింది. పొద్దున్నే లేచి హైవే పక్కన నడక మొదలుపెట్టాడు. టీలో పంచదార మానేశాడు. గ్యాసు పట్టేస్తన్నాదని చెప్పి మధ్యాహ్నం అన్నం తగ్గించి, రాత్రిపూట రాగిపిండితో కాచే చోడి అంబలి కావాలన్నాడు. పొట్ట తగ్గింది. చొక్కాలు వదులయ్యాయి. నలభై దాటాక ఒంటి మీద ఇంత శ్రద్ధ ఏ మగవాడికుంటుందని చుట్టాలు మెచ్చుకున్నారు. నరసింగరావు కూడా ఆ చురుకు చూసే శ్రీకాకుళంలో తెరిచిన కొత్త కొట్టు అతనికి అప్పజెప్పాడు.

ఝాన్సీ రోజూ అతనికి అంబలి కాచేది. చోళ్లు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, తనే పట్టించుకొచ్చేది. అతను వద్దన్న అన్నం, అతను ముట్టని పండగ అరిసెలు, అతని వాటా పాయసం పారబొయ్యడం ఎందుకని తను తినేది. నడకకి తనూ వస్తానని ఒకసారి అడిగింది. ఇంట్లో పని ఎవరు చూస్తారని సుభద్రమ్మ అంది. తిరుమలరావు చెప్పులు వేసుకుంటూ ఆ మాట విననట్టే గడప దాటాడు.

ఏడాది తిరక్కుండానే మెడ మీద కాయలు మళ్లీ వచ్చాయి. తీసినవి కాదు, వాటి పక్కన కొత్తవి. ఈసారి శ్రీకాకుళం దాకా ఎందుకని ఊళ్లోనే బ్యూటీ పార్లరులో కాల్పించుకోమన్నారు. ఆ అమ్మాయి మిషన్‌తో కాల్చిన చోటల్లా మచ్చలు మిగిలాయి. ఒకటి చీము పట్టింది. ఈ లోపల ఝాన్సీకి దాహం ఎక్కువైంది. కొట్టులో కూర్చున్నచోట కునుకు పట్టేది. దూరంగా రాసి ఉన్న ధరల చీటీలు మసకగా కనిపించేవి. అరికాళ్లలో చీమలు పాకినట్టుండేది. డాక్టరమ్మ చెప్పిన ఆ పరీక్ష చేయించుకుందామా బావా అని రెండుసార్లు అడిగింది. మొదటిసారి సరుకు దిగుతోంది, తరువాత చూద్దామన్నాడు. రెండోసారి విసుక్కున్నాడు. ఊరికే రోగం రోగం అనుకుంటే నేని రోగం వస్తాది అన్నాడు.

ఆమె ఒక్కతే వెళ్లి చేయించుకోవచ్చు. లాబు కొట్టుకి నాలుగు గుమ్మాల అవతలే ఉంది. కానీ ఆ ఇంట్లో ఆడవాళ్లు ఒంటరిగా ఆసుపత్రి గడప ఎక్కిన ఆనవాయితీ లేదు. పైగా బావ చెప్పాడు కదా. అతను చెప్పింది తప్పవుతుందని ఆమెకి తోచలేదు.

పోయిన వేసవిలో, పెళ్లి బేరాల మధ్య, అటక మీద నుంచి స్టీలు డబ్బా జారి ఆమె కుడికాలు మీద పడింది. అంచు దిగింది. ఝాన్సీకి పెద్దగా నొప్పి తెలియలేదు. బేరం పూర్తి చేసి, చీర కుచ్చిళ్లకి తడి తగిలితే కిందికి చూసుకుంది. అప్పటికి నేలంతా రక్తం. పసుపు అద్ది గుడ్డ కట్టుకుంది. వారం గడిచింది. చిటికెనవేలు, దాని పక్క వేలు రంగు మారాయి. గదిలో వాసన వస్తోందని ముందు దీపిక పసిగట్టింది. ఇంటర్ చదువుతున్న ఆ పిల్లే నాయనమ్మతో పోట్లాడి, తండ్రికి ఫోను చేసి, అమ్మని ఆటో ఎక్కించింది.

శ్రీకాకుళంలో పెద్దాసుపత్రిలో ముందు వేలు గుచ్చి చూశారు. నాలుగు వందలు దాటింది. ఎన్నాళ్లుగా షుగరని అడిగారు. లేదండీ అని ఝాన్సీ చెబితే, నర్సు నమ్మనట్టు చూసింది. ఇంట్లో ఎవరికైనా ఉందా అని డాక్టరు తిరుమలరావుని అడిగాడు. ఎవలికీ నేదండి అన్నాడు అతను. మంచం మీద ఝాన్సీ కూడా, అవునండి, ఎవరికీ లేదు అంది.

రెండు వేళ్లు తీసేశారు. ఇంకొన్నాళ్లు ఆగితే పాదం పోయేదని చెప్పారు.

ఆపరేషన్ అయిన నాలుగో రోజు మధ్యాహ్నం తిరుమలరావు కొట్టు నుంచి వచ్చాడు. పొద్దున్నుంచీ బేరాలతో తీరిక లేదట. డాక్టరు రౌండుకి వస్తాడు, మాట్లాడి వెళదామని మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. డాక్టరు రావడం ఆలస్యమైంది. మాట్లాడుతూ మాట్లాడుతూ అతని మాట ముద్దగా మారింది. నుదుట చెమట బొట్లు బొట్లుగా కారింది. చేతులు వణికాయి. ఏటయింది బావా అని ఝాన్సీ లేవబోయేసరికి అతను పక్కకి ఒరిగి మంచం కోడు పట్టుకున్నాడు.

నర్సు పరిగెత్తుకొచ్చింది. నాడి చూసింది, వేలు గుచ్చింది. గ్లూకోజు నీళ్లు కలిపి నోటికి పట్టింది. అతను కళ్లు తెరిచాక అడిగింది.

"షుగరు బాగా పడిపోయింది. పొద్దున్న మాత్ర వేసుకుని తినలేదా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"ఏ మాత్ర? ఎన్నేళ్ల నుంచి వాడుతున్నారు?"

తిరుమలరావు ఝాన్సీ వైపు చూడలేదు. మాత్ర పేరు చెప్పాడు. రోజూ చెప్పుకునే పేరులా తడుముకోకుండా చెప్పాడు. మూడేళ్లు అన్నాడు.

"మరి మొన్న మీ ఇంట్లో ఎవరికీ లేదని రాయించారేం?"

వేళకి తినాలని నాలుగు చీవాట్లు పెట్టి నర్సు వెళ్లిపోయింది. పక్క మంచాలవాళ్లు కాసేపు చూసి, తరువాత ఎవరి గొడవలో వాళ్లు పడ్డారు.

మూడేళ్లు. ఝాన్సీకి లెక్క కట్టుకోవలసిన పని లేకపోయింది. దేవేంద్ర పెళ్లి. చర్మం డాక్టరు. నడక, పంచదార లేని టీ, అంబలి. ఒకదాని వెనక ఒకటి వాటంతటవే వచ్చి నిలబడ్డాయి. కట్టు కట్టిన కాలు వైపు చూసుకుంది. ఆమెకి వెంటనే కోపం రాలేదు. చలి వేసింది. దుప్పటి మెడ దాకా లాక్కుంది.

"ఎప్పుడు సేయించుకున్నావు బావా?"

"ఆ డాక్టరమ్మ సెప్పిన వారానికి. విజయనగరం సరుక్కెల్లినప్పుడు. నాక్కూడా సంకల్లో ఆ కాయలున్నాయి కదా. భయమేసింది."

"నాకు మరి నేదన్నావు."

అతను గ్లాసులో మిగిలిన గ్లూకోజు నీళ్లు తాగాడు. తరువాత గోడకి చెబుతున్నట్టు మాట్లాడాడు.

"నీకున్నాదని తేల్తే ఇంటిల్లిపాదినీ సేయించుకోమంటారు. నాది బయట పడిపోద్ది. శ్రీకాకుళం కొట్టు ఎవలికియ్యాలా అని నాయన అప్పుడే సూస్తన్నాడు. రోగిష్టోడికిస్తాడేటి?"

"అయితే నాకున్నాదని నీకు తెలుసు."

"తెలీదు ఝాన్సీ. ఉంటాదేమో అనుకున్నాను."

"అనుకుని ఊరుకున్నావు."

డాక్టరు వచ్చాడు. తిరుమలరావు లేచి నిలబడి, చేతులు కట్టుకుని, మందుల గురించి, కట్టు మార్చడం గురించి శ్రద్ధగా విన్నాడు. మంచి భర్త అని వార్డులో అందరూ అనుకునేలా విన్నాడు.

ఇంటికొచ్చాక ఝాన్సీ ఈ మాట మొదట చెప్పింది సుభద్రమ్మకి. అత్త అని చెప్పలేదు, తన తండ్రి తోబుట్టువని చెప్పింది. సుభద్రమ్మ ఏడిచింది. కాలు ఒళ్లో పెట్టుకుని కట్టు నిమిరింది. తరువాత కళ్లు తుడుచుకుని తలుపు దగ్గరికి వేసింది.

"మీ మావకి సెప్పకే. ఆడికి కొట్టు పోతాది. నీ కాలెలాగూ పోనాది, దానికి మందేటి? ఆడి పరువైనా ఉండనీ."

ఝాన్సీ అప్పటికి ఊరుకుంది. ఊరుకున్నందుకు దక్కిన ఫలం ఏమిటంటే, కథ మరోలా వీధిలో పడింది. పెద్ద కోడలికి తీపి మీద యావ, కొట్టులో కూర్చుని పండగ మిఠాయిలన్నీ తినేసేది, మొగుడు అంత నియమంగా ఉంటాడు, చూసైనా నేర్చుకోలేదు. పరామర్శకి వచ్చినవాళ్లు ఆమెకి ఈ బుద్ధులే చెప్పారు. తిరుమలరావు అదే గదిలో కూర్చుని, వచ్చినవాళ్లకి మంచినీళ్లు అందించాడు. ఒక్కసారి కూడా కాదనలేదు.

ఆమె నోరు తెరిచింది తన కోసం కాదు. ఒక ఆదివారం పెరట్లో సుభద్రమ్మ దీపికని ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి మెడకి శనగపిండి, నిమ్మరసం పట్టించి రుద్దుతోంది. పిల్ల మంటకి విలవిల్లాడుతోంది. సరిగ్గా తోముకోవు, మెడంతా మట్టి, రేపు ఎవరైనా చూస్తే ఏమనుకుంటారని నాయనమ్మ తిడుతోంది. ఝాన్సీ కర్ర పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. పిల్ల జడ పక్కకి తీసి చూసింది. అదే నలుపు. పదిహేడేళ్ల పిల్లకి, చెవి కింద ఆవగింజంత కాయ.

మర్నాడు పొద్దున్న ఆమె దీపికని పరగడుపున లాబుకి తీసుకెళ్లడానికి తయారైంది. పెళ్లి కావలసిన పిల్ల, ఊళ్లో లాబులో రక్తమిస్తే మధ్యాహ్నానికి పేటంతా తెలుస్తుందని సుభద్రమ్మ గుమ్మంలో నిలబడింది. తిరుమలరావు గొంతు తగ్గించి, శ్రీకాకుళంలో తనే చేయిస్తానన్నాడు. ఎప్పుడని ఝాన్సీ అడిగింది. సరుకు దిగాక అన్నాడు.

నరసింగరావు హాలులో కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఝాన్సీ వెళ్లి ఆయన ఎదురుగా నిలబడింది. పెళ్లయినప్పటి నుంచీ మావ ఎదుట కూర్చుని మాట్లాడని మనిషి, కాలు నిలవనివ్వక కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మావా, బావకి మూడేళ్ల నుంచి సుగరున్నాది. నాకు పరీక్ష సేయించమని డాక్టరమ్మ సెప్తే నన్ను మాన్పించి తను సేయించుకున్నాడు. నా వేళ్లందుకే పోయాయి. ఇప్పుడు పిల్లకి కూడా సరుకు దిగాక అంటన్నాడు. నేను తీసుకెల్తన్నాను."

నరసింగరావు పేపరు మడిచాడు. కొడుకు వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. ఆయనకి అర్థమైంది. ఝాన్సీ ఒక మంచి మాట కోసం చూసింది. కనీసం వెళ్లు అంటాడనుకుంది.

"ఇది గదిలో మొగుడూ పెళ్లాలు మాటాడుకోవాల్సింది. ఇలాగ నడింట్లో పెడతావేటి?" అన్నాడాయన.

ఝాన్సీ లేచి, పిల్ల చెయ్యి పట్టుకుని, గుమ్మం దాటింది. సుభద్రమ్మ పక్కకి తప్పుకుంది.

దీపికకి షుగరు రాలేదు. సరిహద్దు దగ్గర ఉంది. ఆ కాగితం పట్టుకుని ఝాన్సీ శ్రీకాకుళంలో అదే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆమెకి వేరే తెలియదు. డాక్టరమ్మ ఆమెని గుర్తు పట్టలేదు. పిల్ల మెడ చూసి, మంచి సమయానికి చేయించారని మెచ్చుకుంది. ఒళ్లు కొంచెం తగ్గిస్తే, రోజూ నడిస్తే, తీపి, మైదా, కూల్‌డ్రింకులు మానేస్తే ఇది వెనక్కి వెళ్లే అవకాశం ఉందని, మెడ నలుపు కూడా నెమ్మదిగా తగ్గుతుందని, నిమ్మకాయలు రుద్దొద్దని చెప్పింది. ఇలాంటి కాయలున్న ప్రతివాళ్లకీ షుగరు ఉండదు, కానీ పరీక్ష చేయించుకుంటే పోయేదేముంది అంది. షుగరు వైద్యం చూసే డాక్టరు పేరు రాసిచ్చింది. అప్పుడు ఝాన్సీ చెప్పులో రెండు వేళ్లు లేని పాదం చూసి, ఇదెలా జరిగిందని అడిగింది.

మూడేళ్ల కిందట మీరు నాకూ పరీక్ష రాశారు డాక్టరుగారూ, చేయించుకోలేదు అంది ఝాన్సీ. ఎందుకు చేయించుకోలేదని ఆమె అడిగింది. ఝాన్సీకి బావ వద్దన్నాడనడానికి నోరు రాలేదు. అది నిజమే గానీ, పిల్ల పక్కనే ఉంది. తెలియలేదండీ అంది. డాక్టరమ్మ నిట్టూర్చి, చదువుకున్నవాళ్లు కూడా ఇంతే అని, మీ మెడ మీదవి తీసెయ్యమంటారా అని అడిగింది. ఇప్పుడు ముందు షుగరు అదుపులోకి రావాలి, లేకపోతే పుండు మానదు, ఆ తరువాతైనా రండి అంది. వాటి మానాన వాటిని ఉండనివ్వండి అంది ఝాన్సీ.

నెల తిరిగేలోగా నరసింగరావు శ్రీకాకుళం కొట్టు తాళాలు దేవేంద్రకి ఇచ్చాడు. రోగమని కాదు, తన దగ్గర దాచాడనట. తిరుమలరావుని పేటలో పాత కొట్టుకి రమ్మన్నాడు. కాలు అలా ఉంచుకుని ఆడది గల్లా దగ్గర కూర్చుంటే బాగుండదని ఝాన్సీని ఇంట్లో ఉండమన్నాడు. ఆమె కోసం వెతుక్కుంటూ వచ్చే పల్లె ఆడవాళ్లకి ఒంట్లో బాగులేదని చెప్పారు. కొన్నాళ్లకి వాళ్లూ అడగడం మానేశారు.

మొగుడి బతుకు నడింట్లో పెట్టి కొట్టు పోగొట్టిందని చుట్టాలందరూ అన్నారు. టెక్కలి నుంచి తండ్రి అప్పలసూరి వచ్చి, కాలు చూసి కన్నీళ్లు పెట్టుకుని, అయినా మావతో అలా మాట్లాడకుండా ఉండాల్సిందమ్మా అని చెప్పి వెళ్లాడు. నువ్వూ పరీక్ష చేయించుకో నాన్నా అంటే, నాకేటి, నేను బాగానే ఉన్నాను అన్నాడు. ఆయన మెడ మీద, చొక్కా కాలరు పైన, గింజలు గింజలుగా కాయలు కనిపిస్తున్నాయి. ఝాన్సీ రెండోసారి చెప్పలేదు. చెప్పి చెప్పి అలిసిపోయింది.

దీపిక మాత్రం నడుస్తోంది. మొదట్లో తల్లి మీద ముఖం మాడ్చుకుంది. నాన్న అలా కూలబడిపోవడం నీ వల్లే అని ఒకసారి అనేసింది కూడా. ఝాన్సీ నడకకి చెప్పులు తెచ్చి ముందు పెట్టింది. ఆరు నెలలకి మళ్లీ పరీక్ష చేయిస్తే అంకె మామూలుకి వచ్చింది. మెడ నలుపు కొంచెం విరిగింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ అడగలేదు. తన శనగపిండి, నిమ్మరసం పని చేశాయని సుభద్రమ్మ పక్కింటావిడతో చెబుతుంటే ఝాన్సీ కిటికీలోంచి విన్నది.

తిరుమలరావు ఇప్పుడు ముందు గదిలో పడుకుంటాడు. మాత్రలు దాచడం లేదు, గూట్లో అందరికీ కనిపించేలా పెడతాడు. ఒకరోజు భోజనాల దగ్గర, నీ మీద కోపమేటీ నేదు అన్నాడు. క్షమించేవాడిలా అన్నాడు. ఝాన్సీ కంచంలో చెయ్యి ఆపి అతని ముఖంలోకి చూసింది. అతను నిజంగానే అంటున్నాడు. ఆమె లేచి చెయ్యి కడుక్కుంది.

మూడు నెలలకోసారి ఇద్దరికీ రక్తపరీక్ష ఉంటుంది. కొట్టుకి నాలుగు గుమ్మాల అవతల అదే లాబు. కలిసి వెళదామని మొన్న అతను అడిగాడు. నువ్వు ముందెళ్లిరా అంది ఝాన్సీ. అతను సోమవారం వెళ్లాడు. ఆమె మంగళవారం, కర్ర పట్టుకుని, ఒంటరిగా వెళ్లింది.